దే

అనువాద విభాగంలో నాది కిటికీ పక్క కుర్చీ.
కిటికీ అవతల మూసీ, మూసీ అవతల ఉస్మానియా ఆసుపత్రి,
నయాపూల్ మీద ఆగి ఆగి కదిలే బస్సులు.
ఇంగ్లీషులో పుట్టిన తీర్పులకు
తెలుగులో అన్నప్రాసన చేయడం నా ఉద్యోగం.

ఇవాళ్టి కాగితం: చాదర్‌ఘాట్ దిగువన ఒక బస్తీ,
మంచినీళ్ల పైపులో మురుగు.
అర్జీదారులు బుచ్చమ్మ, మరో నలభై ముగ్గురు.
సాక్ష్యంగా ఒక లీటరు సీసా,
లోపల చాయ్ రంగు నీళ్లు.
మూడేళ్లు వాయిదాలు తిరిగింది సీసా.
మడ్డి అడుక్కి దిగింది, పైన నీళ్లు తేటపడ్డాయి.
ఓపిక పడితే అన్నీ అవే తేరుకుంటాయని
సర్కారు వకీలు అనలేదు గానీ
అనుకునే ఉంటాడు.

పోయినేడు ఒక్క జడ్జిగారు చెప్పిన తీర్పు ఇంకా నా కంప్యూటర్లో ఉంది:
"జీవించే హక్కంటే ఊపిరొక్కటే కాదు, గుక్కెడు నీళ్లు కూడా.
తొంభై రోజుల్లో కొత్త పైపు వేయాలని
ఈ న్యాయస్థానం ఆదేశిస్తోంది."

సర్కారు అప్పీలుకెళ్లింది. ఈసారి ఇద్దరు జడ్జీలు:
"ఏ బస్తీకి ముందు, ఎంత లోతున, ఎవరి పద్దులోంచి
అన్నది గెలిచొచ్చిన వాళ్లు తేల్చుకోవాలి.
మమ్మల్ని ఎవరూ ఓటేసి పంపలేదు,
నచ్చకపోతే ఓడించి పంపలేరు కూడా.
పైపు త్వరలో వేస్తారని
ఈ న్యాయస్థానం ఆశిస్తోంది."

పాత ఫైలు తెరిచి ఆ మాట దగ్గర
ఒక్క అక్షరం చెరిపాను.
వాక్యం ఏమీ కుంటలేదు.

కోపం వచ్చిందా అంటే, వచ్చింది.
కానీ ఆ 'ఓడించి పంపలేరు' అన్న మాట
గొంతులో చేపముల్లులా నిలిచింది.
ఎందుకంటే పన్నెండేళ్ల కింద ఇంకో జడ్జిగారు
నదిని ఆరు వారాల్లో కడిగేయమన్నారు.
తొమ్మిది పేజీల్లో పదకొండుసార్లు 'ఆదేశిస్తోంది'.
పేపర్లు చప్పట్లు కొట్టాయి.
నేనూ ఒళ్లు పులకరించి తెలుగు చేశాను,
ప్రతి క్రియకూ మీసం మెలేశాను.
నలభయ్యో రోజు పొద్దున్నే ప్రొక్లెయినర్లు దిగాయి.
నది అట్లాగే ఉంది. ఒడ్డున ఇళ్లు లేవు.
బుచ్చమ్మ అర్జీలో నాలుగో పేరా:
"గతంలో నది ఒడ్డు నుంచి తొలగించబడిన మేము..."
ఆ తేదీ నాకు తెలుసు.

గండిపేట గేట్లెత్తే ఆయన ఒకరు మా పక్కింట్లో ఉండేవాడు.
ఎన్నడుగులెత్తాలో పుస్తకం ఉండదా అనడిగితే
"ఉంటది. వాన దాన్ని చదవదు" అనేవాడు.

ఉర్దూ బల్ల నుంచి ముజ్తబా సాబ్ వంగి చూశాడు.
"ఏ అక్షరం తీసినవ్?"
దే, అన్నాను.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాసేపు నవ్వాడు.
తర్వాత నవ్వలేదు.
"మా దిక్కు దే అంటే ఇవ్వు అని."

సాయంత్రం నకలు కోసం బుచ్చమ్మ వచ్చింది.
చదువు రాదు. కాగితాలు తూకం చూసినట్టు పట్టుకుంది.
"ఇండ్ల నీళ్లు యాడున్నయ్ బిడ్డా, సూపియ్యి."
ఆ మాట మీద వేలు పెట్టాను.
తనూ పెట్టింది. "గింతేనా?"

కాసేపాగి,
"కేసు అయిపోయె గద. నా సీస నాకిస్తరా?
మూత మంచిగుండె దానికి."

దానికి వేరే దరఖాస్తు పెట్టాలని చెప్పాను.
నేనే రాశాను: నంబరు, తేదీ, సీసా వర్ణన.
చివరి మాట దగ్గర కలం ఆగింది.
'ప్రార్థిస్తున్నాను' అని రాయడం రివాజు.

"ఇయ్యుమని రాయి," అంది,
సిరా దిండు మీద బొటనవేలు ఆనిస్తూ.